జమైకా తిరుగుబాటుకు అయిదో కారణం

చరిత్ర పంతుళ్ళుగా కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కడపలో రిటైరైన అయ్యవార్లకు కొదవ లేదు గానీ, నేను కాఫీ కూడా ఇస్తానని పేరుంది. వాళ్ళందరూ అడిగేది ఒకటే: "సార్, క్లాసును అదుపులో పెట్టడం ఎలా?" క్లాసుదేముంది, ఒక దెబ్బకు కాకపోతే ఒక జోకుకు అణుగుతుంది. పాఠాన్ని అదుపులో పెట్టడమే కష్టం. అది లేచి, చెప్పులు తొడుక్కుని ఊళ్ళోకి పోయిందంటే వెనక్కి పిలుచుకురావడం ఎవరి తరమూ కాదు. నా ఉద్యోగంలో అలా ఒక్కసారి జరిగింది. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగా వచ్చాయి. ఈ ఒక్క సంగతి మాత్రం రాసిపెడతాను. ఇందులో తప్పు నాది. అదీ ఒకటి కాదు, రెండు.

అయిదు కారణాల హెడ్మాస్టరు

అది ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, కర్నూల్లో గుడారాల కింద ఆఫీసులు నడుస్తున్న కాలం. గాలి గట్టిగా కొడితే గుమాస్తాలు ఫైళ్ళ వెంట పరిగెత్తేవాళ్ళని చెప్పుకునేవాళ్ళు. నన్ను బేతంచెర్ల పక్కన ఒక పల్లెలో బోర్డు హైస్కూల్లో హిస్టరీ అసిస్టెంటుగా వేశారు. ఆ ఊరి పేరు రాయను, ఆ మనుషుల మనవళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఊరి చుట్టూ నాపరాతి గనులు. తెల్లవారగానే సుత్తుల చప్పుడు మొదలయ్యేది. నేను ఏ రాజు గురించి చెప్పినా వెనక ఆ తాళం పడుతూనే ఉండేది.

మా హెడ్మాస్టరు నరసింగరావు గారిది ఒకటే సిద్ధాంతం. చరిత్రలో ఏం జరిగినా దానికి అయిదు కారణాలు ఉండి తీరాలి: రాజకీయ కారణం, ఆర్థిక కారణం, సాంఘిక కారణం, మత కారణం, తక్షణ కారణం. ఒక్కోదానికి రెండు మార్కులు. "నాలుగే ఉంటే ఏం చేయాలండీ?" అని కొత్తలో అడిగాను. "నాలుగే ఉంటే అది చరిత్ర కాదయ్యా, ఊరికే జరిగినది" అన్నారు.

ఆయన దాన్ని బడికే పరిమితం చేయలేదు. ఒక ఏడాది పొరపాటున మా సీమలో పెద్ద వాన పడి బడి గోడ కూలింది. ఆయన పైవాళ్ళకు పంపిన రిపోర్టు నేనే సాపు రాశాను. రాజకీయ కారణం, గోడ రెండు పంచాయతీల హద్దులో ఉండటం. ఆర్థిక కారణం, కట్టినప్పుడు సున్నం తక్కువ వేయడం. సాంఘిక కారణం, పిల్లలు గోడెక్కి కూర్చోవడం. మత కారణం, పీర్ల పండగ నాడు పెద్దలు కూడా ఎక్కి కూర్చోవడం. తక్షణ కారణం, ఒక మేక. నెల తిరగకముందే గోడకు మంజూరు వచ్చింది. అంత క్షుణ్ణమైన రిపోర్టు తాము ఎన్నడూ చూడలేదని మెచ్చుకోలు కూడా వచ్చింది. ఊరంతా ఆ మాట చెప్పుకుంది. అర్జీ అంటే అలా ఉండాలని ఊళ్ళో ఒక నమ్మకం కుదిరిపోయింది.

మద్దిలేటి

మద్దిలేటికి అప్పటికి ముప్పై రెండేళ్ళు. గనిలో మేస్త్రీ. చరిత్ర పేపరు మూడుసార్లు తప్పి, ఎస్సెస్సెల్సీ గడప దగ్గరే నిలబడిపోయినవాడు. అది దాటితే రైల్వేలో ఏదో ఉద్యోగం దొరుకుతుందని ఎవరో ఆశపెట్టారు. ఆదివారం పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. తలలో రాతి పొడి, చేతిలో నోటుబుక్కు.

"నాకు బుర్ర లేక కాదు సార్. ఆ రాజులంతా ఒగటే మాదిరి ఉండారు. ఎవుడేం చేసినాడో కలిసిపోతాండాది" అనేవాడు. నా అభిప్రాయమూ అదే గానీ, జీతం తీసుకునేవాణ్ణి, పైకి అనలేను. అందుకే హెడ్మాస్టరు గారి అయిదు కారణాలు అతనికి నేర్పాను. మనిషికి ప్రాణం లేచి వచ్చింది. ఏ యుద్ధమైనా, ఏ తిరుగుబాటైనా ఆ అయిదు గళ్ళలో పోసుకుంటూ పోవచ్చు. సుత్తి దెబ్బకొక కారణం చొప్పున కంఠతా పట్టాడు.

తెల్లవాళ్ళు దేశం వదిలి ఏడేళ్ళైనా మా పుస్తకంలోంచి వాళ్ళ సామ్రాజ్యం ఇంకా పోలేదు. అందులో ఒక పాఠం జమైకా తిరుగుబాటు. అట్లాంటిక్ సముద్రం అవతల చెరకు తోటల దీవి. అక్కడి నల్లవాళ్ళకు బానిసత్వం తీసేశారు గానీ భూమి మాత్రం ఇవ్వలేదు. భూమి తోటల దొరలది, ఓటు దొరలది, కోర్టులో కూర్చునేదీ దొరలే. చెరకు ధర పడిపోయింది, కూలి తగ్గింది, రెండేళ్ళు వానలు లేవు. బీడుపడిన తోటలోకి అడుగుపెడితే అక్రమ ప్రవేశమని కేసు. ఆకలికి తాళలేక జనం తెల్లవాళ్ళ రాణికి అర్జీ పెట్టుకుంటే, ఒళ్ళు వంచి కూలి చేసుకుంటే అన్నీ బాగుపడతాయని జవాబు వచ్చింది. గవర్నరు ఆ జవాబును అచ్చు వేయించి ఊరూరా గోడల మీద అంటించాడు.

ఇక్కడిదాకా చెప్పేసరికి మద్దిలేటి పెన్సిలు కింద పెట్టాడు. నా దగ్గర చేరినప్పటినుంచి అతను పరీక్షకు రాని ప్రశ్న అడగడం అదే మొదలు.

"ఆ దీవి యాడుండాది సార్?"

"శానా దూరం. ఓడల్లో నెలల ప్రయాణం."

"ఆడ గూడా మన ఊళ్ళో మాదిరి బెంచి కోర్టు ఉండాదా?"

"ఉండేది."

"ఆ దొరలు మన నీళ్ళ గుంత కాంట్రాక్టరును చూసి నేర్చుకున్నారా, మనోడు ఆ దొరలను చూసి నేర్చుకున్నాడా సార్?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

నీళ్ళ గుంత

ఆ ఊరి బావుల్లో నీళ్ళు చవుడు. పప్పు ఉడకదు, దాహం తీరదు. తాగే నీళ్ళన్నీ ఊరి బయట పాత గని గుంతలోవి. రాయి అయిపోయాక ఎప్పుడో వదిలేసిన గుంత అది. పడిన కాస్త వాన అందులో నిలిచి, రాతి చలవకు నడి ఎండాకాలంలో కూడా చల్లగా, తియ్యగా ఉండేది. ఊరికి ప్రాణం అదే.

అంతకు ముందటి ఏడు ఒక కాంట్రాక్టరు దాని పక్క నేల లీజుకు తీసుకుని, పనిలో పనిగా గుంత చుట్టూ కూడా ముళ్ళ కంప కొట్టించాడు. రేపు ఎప్పుడైనా మోటారు పెట్టి నీళ్ళు తోడించి, అడుగు రాయి తీయాలని ఆయన ఆలోచన. ఆలోచన మాత్రమే, మోటారు రాలేదు. కడవతో లోపలికి పోయిన మనిషి మీద అక్రమ ప్రవేశం కేసు. పోయింది మేకయితే బందెలదొడ్డికి. చిన్నాచితకా కేసులు విచారించే మా ఊరి బెంచి కోర్టులో ముగ్గురు జీతం లేని గౌరవ మెజిస్ట్రేట్లు. ఒకరు ఆ కాంట్రాక్టరే. రెండోవాడు ఆయన బామ్మర్ది. మూడోవారు చెవులు వినపడని పెద్దాయన, ఎవరు ఏమన్నా తల ఊపేవారు. తన కేసు వచ్చినప్పుడు కాంట్రాక్టరు న్యాయంగా కుర్చీ దిగేవాడు. దిగి వసారాలో నిలబడి కిటికీలోంచి చూసేవాడు. లోపల బామ్మర్ది ఒకసారి కిటికీ వైపు చూసి జుల్మానా వేసేవాడు.

జనం ఒకసారి అర్జీ పెట్టుకున్నారు. కర్నూలు గుడారాల్లోంచి జవాబు వచ్చింది. దేశం ప్రణాళికల యుగంలో అడుగుపెట్టినదనీ, ప్రజలు ప్రతిదానికీ ప్రభుత్వం వైపు చూడక శ్రమదానంతో బావి తవ్వుకుని శ్రమ విలువ తెలుసుకోవలెననీ. పొద్దుగూకులూ రాయి తవ్వేవాళ్ళకు ఆ సలహా. కరణం దాన్ని చావడి గోడకు అంటించాడు కూడా.

"రాణెమ్మ గూడా ఇదే రాసింది గదా సార్" అన్నాడు మద్దిలేటి. "అంటే రెండో అర్జీ బాగా రాయాల. మన హెడ్మాస్టరు గోడకు రాసినట్ల."

మంచిదే, రాయమన్నాను. ఆ మాట అని మరిచిపోయాను.

ఎర్ర సిరా

ఇక నా మొదటి తప్పు. కొత్తవాళ్ళు ఇది శ్రద్ధగా చదవండి.

అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్దుతున్నాను. ఒక కట్ట అయ్యేసరికి ఎవరికైనా కన్ను చదవడం మానేస్తుంది, అంకెలు మాత్రం లెక్కపెడుతుంది. మొదటి కారణం ఉందా, టిక్కు. రెండోది ఉందా, టిక్కు. నేను ఇంట్లో లేనప్పుడు మద్దిలేటి వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టి పోయాడు. అది కట్టలో కలిసింది. నా చేతికి వచ్చింది. పైన ప్రశ్న కూడా రాసి ఉంది, నేను నేర్పిన పద్ధతిలో:

"మా ఊరి జనుల అసంతృప్తికి గల కారణములను వివరింపుము.

ఉపోద్ఘాతము: కర్నూలు జిల్లాలో మా ఊరు కలదు. ఇచ్చటి జనులు నాపరాతి గనులలో పనిచేసి జీవించుచున్నారు. వీరికి దాహము కలదు.

రాజకీయ కారణము: బెంచి కోర్టులో న్యాయాధిపతియు ఫిర్యాదియు ఒకే ఇంటివారగుట.

ఆర్థిక కారణము: జుల్మానాలు కట్టి జనులు చితికిపోవుట.

సాంఘిక కారణము: చవుడు నీళ్ళు తాగి పసిపిల్లలకు కడుపు నొచ్చుట. మా ఊరికి ఎవరును పిల్లనివ్వకపోవుట.

మత కారణము: సుంకులమ్మ తల్లి రాయి కంపకు అవతలి పక్క ఉండిపోవుట."

నాలుగు టిక్కులు కొట్టాను. కింద ఎర్ర సిరాతో రాశాను: "తక్షణ కారణం లేదు. అది లేనిదే తిరుగుబాటు పూర్తి కాదు. ఈసారి తప్పక ఉండవలెను. పదికి ఎనిమిది." సంతకం పెట్టాను. ఏదో మన ఊరి సంగతిలా ఉందే అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అప్పటికే తర్వాతి పేపరు చేతిలో ఉంది.

మర్నాడు మద్దిలేటి వచ్చి దాన్ని తీసుకుపోయాడు. ఎర్ర సిరా చూసి ఊరివాళ్ళు వెనక్కి తగ్గలేదు సరికదా, దాన్ని మంజూరుగా తీసుకున్నారు. చదువుకున్న సారు చూశాడు, టిక్కులు కొట్టాడు, సంతకం పెట్టాడు, ఎనిమిది మార్కులు వేశాడు. ఇంతకంటే సిఫారసు ఏం కావాలి? "మనోడికి మూడేళ్ళలో ఎనిమిది మార్కులు ఎప్పుడన్నా వచ్చినాయా? కాగితంలో బలం ఉండాది" అన్నారట పెద్దలు. వేరే కాగితం మీద సాపు రాస్తే మార్కులు పోతాయని భయపడి, ఆ కాగితం మీదే వేలిముద్రలు వేసి కర్నూలుకు పంపారు.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారి ప్రశ్నలు

మూడో వారం బడికి జీపు వచ్చింది. అందులోంచి సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు దిగారు. అప్పటికే మద్దిలేటిని గని దగ్గర పట్టుకుని స్టేషన్లో కూర్చోబెట్టారు. హెడ్మాస్టరు గారి గదిలో బల్ల మీద నా ఎర్ర సిరా ఉంది.

"ఇది తమరి చేతిరాతేనా?"

"నాదేనండీ."

"తక్షణ కారణం ఎప్పుడు పెట్టుకున్నారు?"

"పెట్టుకోవడం కాదండీ, రాయలేదని…"

"రాయలేదని తమరే ఎత్తి చూపారు. ఈసారి తప్పక ఉండాలని ఉత్తరువు కూడా వేశారు. ఆ 'ఈసారి' ఏ తారీఖు?"

"అది ఉంటేనే మార్కులు పూర్తిగా వస్తాయండీ."

"మార్కులు ఎవరిస్తారు? పార్టీయా?"

ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇది జమైకా పాఠం పద్ధతిలో రాసినదని చెప్పబోయాను. ఒక కానిస్టేబులు పుస్తకం తీసి, "జమైకా ఏ తాలూకా, ఏ ఫిర్కా సార్?" అని అడిగాడు.

మా హెడ్మాస్టరు గారు నన్ను ఆదుకోవాలనే నోరు విప్పారు. ఆయన మనసు మంచిది. "మీరు అనవసరంగా కంగారు పడుతున్నారు. ఇందులో నాలుగు కారణాలే ఉన్నాయి. నాలుగు కారణాలతో ప్రపంచ చరిత్రలో ఎక్కడా తిరుగుబాటు జరగలేదు" అన్నారు.

"అయిదోది దొరికితే?"

"దొరికితే మాత్రం జరిగి తీరుతుంది" అన్నారు హెడ్మాస్టరు గారు, శాస్త్రం అబద్ధం చెప్పదన్న ధీమాతో.

ఇన్‌స్పెక్టరు అది రాసుకున్నాడు.

నా వాంగ్మూలం

రెండు రోజులు మద్దిలేటి స్టేషన్లోనే ఉన్నాడు. కొట్టలేదు గానీ, తక్షణ కారణం ఏమిటో చెప్పమని పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు అడిగారట. "నాకు తెలిసింటే రాసేవాణ్ణే గదప్పా, రెండు మార్కులు పోయె" అని అతను ఉన్న మాటే చెప్పాడు. దానికి వాళ్ళు ఇంకా భయపడ్డారు.

అతని భార్య ఓబులమ్మ నా దగ్గరికి వచ్చింది. బడికీ, బెంచి కోర్టుకూ కుండల్లో నీళ్ళు పోసే మనిషి ఆమె. ఆ రెండు కుండలకూ గుంతలో ముంచుకోవడానికి పర్మిషను ఉండేది, ఇంటి కుండకు లేదు. "అయ్యవారూ, నువ్వు రాసిన రాతకే మా ఇంటాయన్ను కూచోబెట్టుకుండారు. నువ్వే ఇడిపించుకోని రావాల" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

నేను స్టేషనుకు పోయి వాంగ్మూలం రాసిచ్చాను. ఆ కాగితం నా ప్రైవేటు విద్యార్థి అభ్యాసం కోసం రాసిన జవాబు. అందులోని సంగతులు జమైకా దీవికి సంబంధించినవి. కర్నూలు పేరు పొరపాటున పడింది. మద్దిలేటిని వదిలేశారు. నా ఉద్యోగం నిలిచింది. నేను తెలివిగా పనిచేశానని హెడ్మాస్టరు గారు మెచ్చుకున్నారు.

పదిహేను రోజులకు కర్నూలు నుంచి కాగితం వచ్చింది. "తమ అర్జీలోని విషయము జమైకా దీవికి సంబంధించినదని విచారణలో తేలినది. ఆ దీవి ఈ జిల్లా పరిధిలో లేనందున చర్య తీసుకొనుటకు వీలులేదు. ఫైలు మూసివేయడమైనది."

ఇదీ నా రెండో తప్పు, మొదటి దానికంటే పెద్దది. మొదటిది కళ్ళు మూసుకుని చేశాను, ఇది కళ్ళు తెరిచి చేశాను. ఒక ఊరి దాహాన్ని సముద్రాలు దాటించి చేతులు కడుక్కున్నాను. మద్దిలేటి ఆ జవాబు పట్టుకుని వచ్చి చూపించాడు. నేను తల ఎత్తలేదు. అతను మాత్రం, "నన్ను ఇడిపించినావు సార్, అది సాలు" అన్నాడు. సాలదని ఇద్దరికీ తెలుసు.

అయిదోది దొరికిన రోజు

మార్చిలో మద్దిలేటి మళ్ళీ పరీక్ష రాశాడు. ఏప్రిల్లో ఎండలు ముదిరాయి. ఊరి చవుడు బావులు కూడా అడుగంటాయి. ఒకరోజు ఓబులమ్మ కోర్టు కుండ నింపి, వచ్చేటప్పుడు ఇంటికని ఇంకో కడవ ముంచింది. కావలివాడు పట్టుకున్నాడు. ఆ కడవను అక్కడికక్కడే పగలగొట్టి, కేసు రాయించాడు.

ఆ శుక్రవారం పొద్దున మద్దిలేటి బడి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "సార్, తక్షణ కారణం దొరికినాది. ఆడోళ్ళంతా కోర్టుకు పోతాండారు" అన్నాడు. మొహంలో ఒక రకమైన సంతృప్తి, లెక్క కుదిరినవాడి సంతృప్తి.

సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను. ఎందుకో చెప్పాలి. ఆ పాఠంలో కారణాలు అయ్యాక ఫలితాలని ఇంకో పేజీ ఉంది. పరీక్షల్లో ఏళ్ళ తరబడి కారణాలే అడుగుతున్నారు, ఫలితాలు ఎవరూ అడగలేదు. అందుకని చెప్పడం మానేశాం. ఆ పేజీ నాకు తెలుసు, మద్దిలేటికి తెలియదు. జమైకాలో కూడా కథ ఇలాగే అక్రమ ప్రవేశం కేసుతో, కోర్టు ముందు గుమిగూడిన జనంతోనే మొదలైంది. క్లాసు వదిలేసి పరిగెత్తాను. వెనకాల హెడ్మాస్టరు గారు, "అయిదూ కుదిరాయటగా!" అని అరవడం వినిపించింది.

కోర్టు చావడి ముందు నలభై మంది దాకా ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చంకలో ఒక ఖాళీ కడవ. వసారాలో నలుగురు పోలీసులు, చేతిలో తుపాకులు. కాంట్రాక్టరు కిటికీ దగ్గర. లోపల బామ్మర్ది, చెవిటి పెద్దాయన. ఓబులమ్మ పేరు పిలిచారు. ఆమె వెనక నలభై మందీ లోపలికి నడిచారు.

"వీళ్ళెవరు?" అన్నాడు బామ్మర్ది.

"మేమూ ముంచినాం సామీ. మా పేర్లూ రాయించండ్రి" అంది ముందున్న ముసలమ్మ.

"మిమ్మల్ని ఎవరూ పట్టుకోలేదు కదా!"

"పట్టుకోకపోతే ముంచనట్లా? వానికి కన్ను కానరాకపోతే మా తప్పా?"

గుమాస్తా పేర్లు రాయడం మొదలుపెట్టాడు. తండ్రి పేరు, భర్త పేరు, వయసు. వయసు దగ్గర ప్రతి ఒక్కరూ ఆలోచించారు. ఒకామె తాను ఏ కరువులో పుట్టిందో చెప్పి, లెక్క గుమాస్తానే కట్టమంది. గంట గడిచింది. ఇరుకు గదిలో అంతమంది, పైన నాపరాయి కప్పు, బయట నిప్పులు. పోలీసులు టోపీలు తీసి విసురుకుంటున్నారు. నేను తుపాకుల వైపే చూస్తున్నాను.

బామ్మర్ది అరిచాడు, "ఒరేయ్, నీళ్ళు!"

బంట్రోతు కుండలో గ్లాసు ముంచబోయి తల అడ్డంగా ఊపాడు. కుండ పొడిగా ఉంది. నీళ్ళు పోసే మనిషి బోనులో ఉంది.

"ఏమ్మే, పొద్దున నీళ్ళెందుకు పొయ్యలేదు?"

"ఈ పొద్దు నేను ముద్దాయిని గదా సామీ" అంది ఓబులమ్మ.

"సరే, పోయి ఒక కడవ తెచ్చిపో, తర్వాత నిలబడుదువు."

"గుంతలో దిగితే ఇంగో కేసు రాస్తారు."

"రాయరు పో!"

"అట్లని కాగితం రాసియ్యి."

చెవిటి పెద్దాయనకు ఏమీ వినపడలేదు గానీ నాలుక పిడచకట్టుకుపోయింది. గ్లాసు వైపు వేలు చూపిస్తూ బల్ల మీద కొట్టడం మొదలుపెట్టారు. ఒక పోలీసు తుపాకి గోడకు ఆనించి, "తొందరగా రాసియ్యండి సార్, సచ్చిపోతాండాం" అన్నాడు. బామ్మర్ది అలవాటు కొద్దీ కిటికీ వైపు చూశాడు. ఎండకు తాళలేక కాంట్రాక్టరు ఎప్పుడో ఇంటికి పోయాడు. కిటికీ ఖాళీ. బావ లేని కిటికీ చూసి ఆ మనిషికి ఏం చేయాలో తోచలేదు. కాగితం లాక్కుని గబగబా రాశాడు: "ముద్దాయిలు కేసు తేలేవరకు గుంతలో నీళ్ళు ముంచుకొనవచ్చును." పెద్దాయన తల ఊపారు. గుమాస్తా ముద్ర కొట్టాడు.

ముద్దాయిలు అంటే నలభై మంది. అప్పటికే అందరి పేర్లూ రాసి ఉన్నాయి.

అరగంటలో కుండ నిండింది. మెజిస్ట్రేట్లు తాగారు, పోలీసులు తాగారు, గుమాస్తా తాగాడు. వాయిదా వేశారు. ఆ వాయిదా మళ్ళీ రాలేదు. కేసు తేల్చితే ఉత్తరువు పోతుంది, ఉత్తరువు పోతే కోర్టుకు నీళ్ళు పోసేవాళ్ళుండరు. కాంట్రాక్టరు ఎగిరిపడ్డాడు గానీ, ముద్ర పడిన కాగితం ఆయన ఇంటివాడు రాసిందే. నేను బదిలీ అయి పోయేనాటికి కూడా ఆ నలభై మంది ముద్దాయిలుగానే ఉన్నారు. ముద్దాయి కోడలికి కూడా హక్కుంటుందని ఆ ఊళ్ళో పెళ్ళిసంబంధాలు మాట్లాడుకునేవాళ్ళు.

ఫలితాలు

ఆ సాయంత్రం మద్దిలేటి, నేను గుంత గట్టు మీద కూర్చున్నాం. కంప పక్కకు లాగేశారు. ఆడవాళ్ళు వరసగా దిగుతున్నారు, ఎక్కుతున్నారు. సుంకులమ్మ రాయికి ఎవరో అప్పుడే పసుపు పూశారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషమో, సిగ్గో, పొద్దుటి భయమో, అన్నీ కలిసే వచ్చింది.

"సార్, మరి జమైకాలో చివరికేమాయె? కోర్టు కాడికి పోయినారు గదా, నీళ్ళొచ్చినాయా వాళ్ళకు?" అన్నాడు మద్దిలేటి.

ఈసారి అబద్ధం చెప్పదలుచుకోలేదు. ఆ పేజీ మొత్తం చెప్పాను. కోర్టు ముందు రాళ్ళు పడ్డాయి, తుపాకులు పేలాయి, జనం కోర్టును తగలబెట్టారు. తర్వాత గవర్నరు సైన్యాన్ని దింపాడు. నాలుగు వందల మందికి పైగా చంపారు. ఊళ్ళకు ఊళ్ళు కాల్చారు. ఆడవాళ్ళని కూడా చూడకుండా కొరడాలతో కొట్టారు.

ఓబులమ్మ నిండు కడవతో మా ముందు నుంచే పోయింది. అతను ఆమెను కనుమరుగయ్యేదాకా చూశాడు.

"ఇది ముందే చెప్పింటే, మా వాళ్ళను గడప దాటనిచ్చేవాణ్ణే కాదు సార్" అన్నాడు.

మరుసటి ఏడాది నుంచి నేను ఫలితాలు కూడా చెప్పడం మొదలుపెట్టాను. ఏ పాఠమూ సగంలో ఆపలేదు. ఎంతమంది చచ్చారు, ఎన్ని ఇళ్ళు కాలాయి, అన్నీ చెప్పాను. మంచి అయ్యవారనిపించుకున్నాను. రిటైరయ్యేదాకా అలాగే చెప్పాను. నా క్లాసులోంచి మళ్ళీ ఎవరూ ఏ కోర్టుకూ పోలేదు.